స్లాబు మీద పడిన పన్ను

పుట్టుకతోనే మా అమ్మాయి ముఖం ఎడమ పక్క కాస్త చిన్నది. ఆ పక్క దవడ చిన్నది, బుగ్గ చిన్నది; కోపం మాత్రం రెండు పక్కలా సమానమే. ఎనిమిదో ఏడు వచ్చేసరికి పై వరసలో ముందున్న పాలపళ్లు రెండూ ఊడిపోయాయి. కుడివైపు కొత్త పన్ను తోసుకుంటూ వచ్చేసింది. ఎడమవైపు నెలలు గడిచినా చిగురు బోసిగానే ఉంది.

తప్పెక్కడ జరిగిందో మా అత్తగారు ఒక్క చూపులో తేల్చేశారు. ఊడిన పన్నుని పేడలో పెట్టి పెంకుల మీదికి విసరాలట. నేను మా స్లాబు మీదికి విసిరాను. "సిమెంటు మీద ఏటి మొలుస్తాదే?" అన్నారు. రాజాంలో మా వీధంతా స్లాబులే, నేనేం చెయ్యను? ఆవిడ వింటేనా! మేడెక్కి, తను ఎండబెట్టిన గుమ్మడి వడియాల మధ్య వెతికి వెతికి, తెల్లటి ముక్కొకటి పట్టుకొచ్చారు. దాన్ని పేడముద్దలో పెట్టి, పక్క వీధిలో మిగిలిన ఒకే ఒక్క పెంకుటింటి మీదికి విసిరారు. కాకి వచ్చి ముద్దని పొడిచి, లోపలిది కరకరా నమిలి మింగేసింది. పన్నుని ఏ కాకి నములుతుంది, నా తలకాయ!

వడియం మొలకెత్తుతుందని ఇంటిల్లిపాదీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. పిల్ల మాత్రం కంచం ముందు కూర్చుని మెల్లగా అడిగింది: "అమ్మా, ఈ పక్క నాకు పళ్లెట్టడం దేవుడు మర్సిపోయాడేటి?"



అత్తగారిని కూడా వెంటబెట్టుకుని పిల్లని విజయనగరం తీసుకెళ్లాను. పళ్ల డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించింది. దవడ చిన్నగా ఉన్న వైపు పళ్లు నిదానంగా తయారవుతాయని, ఒక్కోసారి ఒకటీ అరా అసలు ఉండనే ఉండవని చెప్పింది. అత్తగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. డాక్టరమ్మ ఫిల్ముని వెలుతురుకి ఎత్తి, ఎముక లోపల పక్కకి ఒరిగి ఉన్న పన్నుని వేలితో చూపించింది. వస్తుందట, కాస్త ఆలస్యం. చోటు ఇరుకు కాబట్టి తర్వాత క్లిప్పులు వెయ్యాల్సి రావచ్చట. వేసుకుందాం, దానిదేముంది!

తిరుగు బస్సులో పిల్ల ఆ ఫిల్ముని ఎవరి చేతికీ ఇవ్వలేదు. కిటికీ అద్దానికి ఆనించి పక్క సీటావిడకి చూపించింది, వెనక సీటాయనకి చూపించింది. కండక్టరు వచ్చి టికెట్ అడిగితే అతనికీ అదే చూపించింది.

"సూడండి, నాకూ ఉన్నాది. లోపలున్నాది."

అతను ఫిల్ముని అందుకుని, వెలుతురుకెత్తి, అటూ ఇటూ తిప్పి శ్రద్ధగా చూశాడు.

"ఉన్నాదమ్మా. గట్టి పన్నే," అన్నాడు.

నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చేశాను.