మూడంతస్తుల బ్యాటరీ

మా బావ గుండెలో మూడోవంతు శాశ్వతంగా సెలవు పెట్టేసిందని డాక్టరు చెప్పిన రోజు నుంచీ ఇంటిల్లిపాదీ గుసగుసలతోనే బతకడం మొదలెట్టాం. మా అక్క తాలింపు కూడా చిటపటలాడకుండా పెట్టడం నేర్చుకుంది.

బావంటే ఈ అక్క మొగుడే. ఆయనా నన్ను బావా అనే పిలుస్తాడు. ఇద్దరం పోర్టులో క్రేను ఆపరేటర్లం. పదిహేనేళ్లపాటు ప్రతి ఆదివారం పొద్దున్నే మద్దిలపాలెం నుంచి భీమిలి దాకా మామూలు సైకిళ్లే తొక్కాం. రుషికొండ ఎత్తు రాగానే ఆయన నన్ను దాటేసి పైన నిలబడేవాడు. నేను చేరేసరికి ఆయన టీ తాగి, గ్లాసు కడిగేసి ఉండేవాడు, ఆ గ్లాసు మీద దుమ్ము కూడా పట్టి ఉండేది.

ఇప్పుడు తొక్కొచ్చు గానీ ఆయాసపడకూడదు, బరువులెత్తకూడదు అన్నాడు డాక్టరు. అంటే కరెంటు సైకిలే గతి. ఆరునెలలుగా అన్నిటికీ వద్దని తలూపుతున్న మనిషి దీనికి మాత్రం సరేనన్నాడు. అక్క నన్ను వంటింట్లోకి లాగింది.

"పొద్దస్తమానం గోడకేసి సూస్తా కూకుంటన్నాడ్రా. ఒక్కసారి భీమిలి ఎల్లొస్తే మనిసి మళ్లీ మనిసవుతాడు. సూసి కొను."

షాపులో రెండు తేలాయి. ఒకటి సన్నగా, చిన్న బ్యాటరీతో, నలభై కిలోమీటర్లు పోతుంది. మనం తొక్కితేనే అదీ తోస్తుంది. రెండోది నూటిరవై పోతుందట. దాని టైరు ముందు లారీ టైరు సిగ్గుపడాలి. దాని లైటు వేస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్‌ని పింఛనిచ్చి ఇంటికి పంపేయొచ్చు.

బావ చిన్నదాని ముందు చక్రాన్ని రెండు వేళ్లతో లేపి చూశాడు. ఆరునెలల్లో ఆయన ముఖం మీద నవ్వులాంటిది కనిపించడం అదే మొదలు.

"ఇది సాలు బావా. మనం తొక్కితేనే సాయం సేత్తాది. బుద్ధున్న బండి."

"నలబై అంటే ఎదురుగాలికి ముప్పై. భీమిలి రానూపోనూ యాబై. దార్లో ఆగిపోతే ఎవుడు తోస్తాడు?" అన్నాన్నేను.

"నువ్వు లేవేటి?"

"నానూ ముసిలోణ్ణే బావా."

"ఆ దున్నపోతుని కొంటే మనం దాన్ని తొక్కడం కాదు. అదే మనల్ని తొక్కుద్ది."

నేను వినలేదు. రెండు టన్నుల సరుకుంటే ఐదు టన్నుల కొక్కెం వేసే బుద్ధి నాది. ఆ లెక్కనే దున్నపోతుని ఇంటికి తోలుకొచ్చాను.

బావ ఉండేది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. సెల్లార్లో ప్లగ్గు లేదు. బ్యాటరీని ఊడదీసి పైకి మోసుకెళ్లి చార్జింగ్ పెట్టాలి. చేతిలోకి తీసుకున్నాక తెలిసింది, అది బ్యాటరీ కాదు, పిడి ఉన్న బండరాయి. ఎత్తేముందు బరువెంతో అడగడం మా పనిలో మొదటి పాఠం. ముప్పై ఏళ్లు ఓడలోంచి దింపిన ప్రతి సరుకుకీ అడిగాను. దీనికి మాత్రం అడగలేదు.

శనివారం వచ్చి నేనే ఎక్కిస్తానన్నాను. మొదటి శనివారమే నన్ను మధ్యాహ్నం షిఫ్టులో ఆపేశారు. ఫోన్ చేస్తే "అయిపోనాది బావా, ఫుల్లు" అన్నాడు.

ఆదివారం బయల్దేరాం. ఆయనది కొత్త బండి, నాది పాత సైకిలే. జోడుగుళ్లపాలెం దాకా పెళ్లికొడుకులా నడిపాడు. రుషికొండ ఎత్తు దగ్గర వెనకబడ్డాడు. పైన ఆయన ఎప్పుడూ నిలబడే చోట మొదటిసారి నేను నిలబడి చూశాను. ఎంతకీ రాలేదు. కిందికి దిగాను. బండి స్టాండు మీదుంది, హ్యాండిల్ మీది చార్జింగ్ తెరలో వెలుగు లేదు. బావ రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని, నోరు తెరిచి గాలి వెతుక్కుంటున్నాడు.

ఊపిరి అందాక అడిగాను. "చార్జింగ్ పెట్టలేదా?"

"ఒక అంతస్తు ఎక్కించినాను. రెండోది ఎక్కలేక దింపీసినాను. షాపువోడు పెట్టిందే ఇంతదాకా వచ్చింది."

"పక్కోళ్లని పిలవొచ్చు గదా."

బ్యాటరీ కేసి వేలు చూపించాడు. "ముప్పై ఏళ్లు ఓడలు ఖాళీ సేసినోణ్ణి. ఇంత డబ్బా మోయమని ఎవుణ్ణి అడగమంటావు?"

ట్రాలీ ఆటోలో బండినీ ఆయన్నీ ఇంటికి చేర్చాను. చిన్నదానికి మార్చుకుందామంటే వద్దని తలూపాడు. దున్నపోతు ఇప్పుడు సెల్లార్లో ముసుగు కప్పుకుని ఉంది. అయినా ప్రతి శనివారం వెళ్లి బ్యాటరీ పైకి మోసి, మళ్లీ దింపి బండికి తగిలిస్తాను. వాడందే చార్జింగ్ ఎక్కడికి పోతుంది? బ్యాటరీ మీద చార్జింగ్ చూపించే నాలుగు గీతలూ అలాగే ఉంటాయి. బావ కళ్లజోడు పెట్టుకుని వాటిని లెక్కపెడతాడు. "వచ్చే ఆదివారం సూద్దాం" అంటాడు. ఈలోగా నా పొట్ట రెండంగుళాలు తగ్గింది. ఏం వ్యాయామం చేస్తున్నావని మా డాక్టరు మెచ్చుకుంటే, సైక్లింగ్ అని చెప్పాను.

మొన్న శనివారం రెండో అంతస్తు దాటి తలెత్తితే, బావ పైమెట్టు మీద నిలబడి ఉన్నాడు. చేతిలో నాకోసం టీ గ్లాసు.

"బరువెంతుంటాదేటి బావా అది?"

"ఏం లేదు బావా," అన్నాను, మాటకీ మాటకీ మధ్య ఊపిరి దాచుకుంటూ. "తేలికే."