మామిడి పిందెల తెరచాప

సూరత్ దగ్గర డుమస్ తీరంలో, జరీ అంచు తెరచాపను కౌగలించుకుని, మెడలోతు నీళ్లలో మునిగి తేలుతూ, ఒడ్డున మామగారి దోస్తులు వీడియో తీస్తుంటే నవ్వుతూ చెయ్యూపిన మనిషి ఈ భూమ్మీద ఎవరైనా ఉన్నాడా అని మీకు అనుమానం రావచ్చు. ఉన్నాడు. ఆ మహానుభావుణ్ణి నేనే. ఇది చదవడం పూర్తయ్యేసరికి నా పరువులో మీకు చూపించడానికి ఏమీ మిగలదు. ముందే చెబుతున్నాను, తర్వాత జాలిపడి లాభం లేదు.

మాది కాకినాడ. సూరత్ పక్క హజీరాలో ఓ కంపెనీలో ఇంజనీరుగా చేరి, సూరత్‌లోనే పుట్టి పెరిగిన రజితను ప్రేమించి పెళ్లి చేసుకున్నాను. వాళ్లది తెలంగాణ నుంచి మగ్గాల పని మీద వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన కుటుంబం. మామగారు నర్సయ్యగారికి సొంతంగా ఓ చిన్న పవర్‌లూమ్ కార్ఖానా ఉంది. వాళ్లు కింది అంతస్తులో ఉంటారు, మేం పై అంతస్తులో.

ఇక నా పిచ్చి సంగతి. బదిలీ మీద వెళ్లిపోతున్న సహోద్యోగి ఒకడు తన విండ్‌సర్ఫింగ్ సరంజామా అంతా నాకు అంటగట్టి పోయాడు. పొడవాటి పలక మీద నిలబడి, దానికి బిగించిన తెరచాపను రెండు చేతులా పట్టుకుని, గాలివాటున సముద్రం మీద పోవడమే విండ్‌సర్ఫింగ్. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి మాత్రం ఒంట్లో ఎముకలన్నీ ఒకే మాట మీద ఉండాలి. రెండు వేసవులు పడుతూ లేస్తూ, లేచిన దానికంటే ఎక్కువగా పడుతూ నేర్చుకున్నాను. ఆ తర్వాత ఆఫీసు క్యాంటీన్లో నన్ను నేను సముద్రానికి సొంత మనిషిలా పరిచయం చేసుకోవడం మొదలుపెట్టాను.

అంతలో కరోనా వచ్చింది. మొదటి ఏడాది గడప దాటడమే గగనమైపోయింది. ఆ చలికాలంలో గాలీ లేదు, సముద్రమూ లేదు, ఆఫీసు కూడా ఇంట్లోనే. మిగిలింది తిండి ఒక్కటే. సూరత్ చలికాలమంటే లేత జొన్నల పోంక్, నూనెలో తేలియాడే కూరగాయల ఉంధియు. నేను రెండింటికీ అన్యాయం చెయ్యలేదు.

మార్చిలో మళ్లీ గాలి లేచింది. ఉత్సాహంగా మేడ మీది గదికి వెళ్లి తెరచాప విప్పాను. అందులో ఎలుకలు చలికాలమంతా కాపురం చేసి, పిల్లాపాపలతో సుఖంగా ఉన్నాయి. నన్ను చూసి ఒకటి విసుక్కుంది కూడా. తెరచాపలో బొక్కలు పోగా మిగిలిన భాగం జేబురుమాలుకు సరిపోతుంది. కొత్తది విదేశం నుంచి రావాలి, ఆ రోజుల్లో అది ఎప్పుడొస్తుందో పంపేవాడికే తెలియదు. నాలుగైదు రోజులు నేను కాస్త ముభావంగా ఉన్నమాట నిజమే. రజిత దాన్ని గమనించలేదనే అనుకున్నాను.

ఒకరోజు తను కింది నుంచి వచ్చి నా ల్యాప్‌టాప్ మూసేసింది.

"నాన్నను చూసినవా? మగ్గాలు బంద్ అయినకాడికెల్లి గోడదిక్కు మొఖం పెట్టి పండుకుంటుండు. కారీగర్లు ఊళ్లకు పోయి మళ్ల రాలే. పెండ్లి చీరల ఆర్డర్ వాపస్ వచ్చింది. చాయ్ ఇచ్చినా అటు తిరిగే తాగుతుండు."

"అటు తిరిగి పడుకుని చాయ్ ఎలా తాగుతారు?"

"మజాక్ చెయ్యకు. నీ తెరచాప కుట్టే పని ఆయనకియ్యి. చేతిల బట్ట పడితే లేచి కూసుంటడు."

తెరచాపకు గాలి చొరబడని మందపాటి పొర కావాలి. మామగారి దగ్గర ఉన్నదల్లా పెళ్లిళ్లు ఆగిపోయి తిరిగొచ్చిన చీర బట్ట.

"రజితా, చీర బట్టలోంచి గాలి..."

"అది నాకు చెప్పినవ్, బస్. ఆయనకు చెప్పకు. ఎట్లున్నా మస్తుందని అను. నువ్వు కాదన్నవంటే ఇగ ఆయన లేవడు."

మనిషి లేవడం కంటే ఎక్కువేముంటుంది? కిందికి వెళ్లాను. మామగారు నిజంగానే గోడ వైపు నుంచి ఇటు తిరిగి కూర్చున్నారు. పక్కన వంగపండు రంగు బట్ట, దాని నిండా మామిడి పిందెలు, చుట్టూ జరీ అంచు.

"అల్లుడా, నీ తెరచాప నేను చెయ్యాల్నట?"

"మీకు తీరికుంటేనే మామయ్యా."

"తీరికకేం తక్కువ ఇప్పుడు. గీ బట్టతోనేనా?"

"దీన్ని మించింది దొరకదు."

ఆయన నన్ను చాలాసేపు చూశారు. "పక్కానా?"

"పక్కా మామయ్యా. అసలు విదేశాల్లో వాళ్లకు ఇలాంటి బట్ట గురించి తెలియకే ప్లాస్టిక్ వాడుకుంటున్నారు."

ఆయన ఏదో అనబోయి మానుకున్నారు. అది పనిమంతుడి వినయం అనుకున్నాను. నా అర్థం చేసుకునే శక్తి ఎంతటిదో మీకు ఈపాటికి అంతుబట్టే ఉంటుంది.

కానీ ఆ వారం ఇల్లు మారిపోయింది. మామగారు గడ్డం గీసుకున్నారు. పాత మిషన్ దులిపి నూనె పోశారు. పాత తెరచాప మీద కొలతలు తీసి, తెరచాపను నిలబెట్టే గుంజకు తొడిగే గొట్టం పట్టీ యథాతథంగా కుట్టి, అంచుకు రెండు వరసల కుట్టు వేశారు. కింది నుంచి మిషన్ చప్పుడు వినిపిస్తుంటే రజిత వంటింట్లో కూనిరాగం తీసేది. ఇప్పుడు నేను చెయ్యాల్సింది ఒక్కటే. ఆ తెరచాప నీళ్ల మీద ఒక్కసారి నిండుగా నిలబడి కనిపించాలి, లేకపోతే ఆయన మళ్లీ గోడ వైపు తిరిగిపోతారు.

ఈ భయంలో నేను ఒంటరిగా వెళ్లి ఓ మూల ప్రయత్నించి ఉంటే ఈ కథ ఉండేది కాదు. ధైర్యం చెప్పుకోవడానికి గొప్పలు పోయాను. మామగారి కార్ఖానా దోస్తులు నలుగురు కనిపిస్తే, "ఆదివారం డుమస్ రండి, మామయ్య తెరచాప సత్తా చూద్దురు గాని," అని పిలిచేశాను. వాళ్లకూ ఏడాదిగా ఇంట్లో కూర్చుని ఊపిరాడడం లేదు. మాస్కులు గడ్డానికి దించుకుని, పిలవనివాళ్లను కూడా వెంటబెట్టుకుని వచ్చారు.

డుమస్‌లో ఆటు వచ్చిందంటే సముద్రం కనుచూపు మేర వెనక్కి పోయి ఒట్టి బురద మిగులుతుంది. అందుకని పోటు చూసుకునే వెళ్లాం. మొదటి అడ్డంకి లైఫ్ జాకెట్. కరోనాకు ముందు వదులుగా ఉన్నది ఈసారి నా పొట్ట దగ్గర ఆగి, ఇక రానంది. మామగారు జేబులోంచి మిగిలిన జరీ అంచు తీసి, రెండు కొసలూ కలిపి ముడేశారు. ఆ ముడితో నేను అచ్చం పేరంటానికి బయల్దేరినట్టున్నాను.

"ఎంత దూరం పోతవు అల్లుడా?"

"అదిగో, ఆ ఓడ కనిపిస్తోంది చూశారా? దాని దాకా."

"గంత దూరం ఎందుకు? ఈడనే మోకాళ్లల్ల జర తిరిగి రా."

"మీ పని మీద మీకే నమ్మకం లేదా మామయ్యా?"

ఆయన మొహం పాలిపోయింది. నేను పట్టించుకోకుండా నీళ్లలోకి దిగాను.

పలక మీద నిలబడి తెరచాప ఎత్తాను. గాలి తగిలింది. నేను ముందుకు పోలేదు, గాలే ముందుకు పోయింది, జల్లెడలోంచి పోయినట్టు. అయినా మామిడి పిందెలు రెపరెపలాడాయి, జరీ తళుక్కుమంది. ఒడ్డున చప్పట్లు. "వారెవ్వా నర్సన్నా, ఏం మాల్ తీసినవే," అని ఎవరో అరిచారు. ఆ ఒక్క నిమిషం నేను కూడా నమ్మేశాను.

ఇంతలో గట్టి విసురు ఒకటొచ్చింది. బట్ట సాగి సంచిలా ఉబ్బింది. నేను, నా ఉంధియు, నా పోంక్ అందరం కలిసి వెల్లకిలా పడ్డాం. లేచి, పలకెక్కి, తాడు పట్టుకుని తెరచాపను నీళ్లలోంచి పైకి లాగాను. రాలేదు. అది కడుపు నిండా సముద్రం తాగేసింది. ఇంకాస్త లాగాను. నేనే మళ్లీ నీళ్లలోకి వెళ్లాను.

"ఏమైంది అల్లుడా?" ఒడ్డు నుంచి మామగారు.

"ఏం లేదు మామయ్యా. కాసేపు విశ్రాంతి."

"నీళ్లల్లనా?"

"ఇందులో ఇదొక పద్ధతి."

టమాటా భజియాలు వేస్తున్న కాకా మూకుడు వదిలేసి వచ్చాడు. "బెహన్, ఇన్‌కో తైర్నా ఆతా హై?" అని రజితను అడిగాడు.

"ఈతొస్తది. ఒప్పుకునుడే వస్తలేదు," అంది రజిత, ఆయనకు అర్థం కాదని తెలిసీ తెలుగులో.

గాలి సముద్రం వైపు నుంచి వస్తోంది కాబట్టి ప్రాణభయం లేదు, నన్ను నిదానంగా ఒడ్డుకే తోస్తోంది. కానీ నా విశ్రాంతి మరీ ఎక్కువసేపు సాగింది. ఆటు మొదలై నీళ్లు నన్ను దాటి వెనక్కి పోయాయి. నేను, పలక, పెళ్లి చీర బురదలో మిగిలాం. మోకాళ్ల దాకా దిగబడుతూ, తెరచాపను భుజాన వేసుకుని, ఒక చెప్పు సముద్రానికి సమర్పించి, ఒడ్డుకు చేరాను. మామిడి పిందె ఒక్కటి కూడా కనిపించడం లేదు.

అందరూ చుట్టూ మూగారు. మామగారు అప్పటికే ఇసుకలో కూలబడి, గోడకు బదులు సముద్రం వైపు తిరిగి కూర్చున్నారు. నాకు నిజంగా భయమేసింది. గొంతు పెంచి అందరికీ వినపడేలా చెప్పాను.

"బట్ట బ్రహ్మాండం. తప్పంతా నాది. చలికాలమంతా తిని లావెక్కాను."

"అవునవును, మనిషి మస్తు బరువైండు," అని దోస్తులంతా ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఒప్పేసుకున్నారు. కనీసం మొహమాటానికైనా ఒకరు కాదనలేదు.

మామగారు లేచారు. "ఇగ చాలు అల్లుడా. తప్పు నాది."

"కాదు మామయ్యా, బట్ట..."

"ఏం బట్ట? చీరలకెల్లి గాలి పోతదని నాకు తెల్వదా? ఆడోళ్లకు ఉక్క పొయ్యకుండ గాలాడేటట్టు నేసుడే గదా నా పని. పానం పోతదేమోనని పొద్దుగాలకెల్లి గజగజ వణుకుతున్న."

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

"రజిత వద్దన్నది. నీ తెరచాప పాడైనకాడికెల్లి నువ్వు కుదేలైనవట. గోడదిక్కు తిరిగి పండుకుంటున్నవట, అన్నం ముడ్తలేవట. నేను కాదన్ననంటే ఇగ లేవవట."

ఆ చివరి మాట విన్నాక నా చెవుల్లో నీళ్లు వాటంతట అవే దిగిపోయాయి. అన్నం ముట్టడం లేదట. ఆ మాట నమ్మేటప్పుడు ఒక్కసారి నా పొట్ట వైపు చూసినా సరిపోయేది కదా.

"అంటే గాలి పోయే బట్టతో తెరచాప కట్టుకునేంత తెలివితక్కువవాణ్ణనుకున్నారా? నేను ఇంజనీర్ని మామయ్యా."

"మరి నువ్వు? ఇన్నేండ్ల సంది మగ్గం మీదున్నోనికి బట్ట సంగతి తెల్వదనుకున్నవా?"

ఎవరు ఎవర్ని ఎక్కువ వెర్రివాడనుకున్నారో తేలక ఇద్దరం కాసేపు వాదించుకున్నాం. తర్వాత ఒకేసారి రజిత వైపు తిరిగాం. తను నింపాదిగా భజియా తింటోంది.

"ఏందట్ల చూస్తరు? కిందికి పోతే ఒక గోడ, పైకి వస్తే ఒక గోడ. నేనెవరితోని మాట్లాడాలె?" అని మూడో భజియా అందుకుంది. "లేచి తిరిగిండ్రా లేదా ఇద్దరు?"

మామగారు నన్ను పైనుంచి కింది దాకా చూశారు. బురద, జరీ ముడి, ఒంటి చెప్పు. ఆయన భుజాలు కదిలాయి. ముందు చప్పుడు లేకుండా, తర్వాత కళ్లు తుడుచుకుంటూ, చివరికి ఇసుకలో చతికిలబడి నవ్వారు. కరోనా వచ్చాక ఆయన నవ్వడం నేను చూడ్డం అదే మొదలు. ఆ నవ్వు కోసం ఇంకో పది చెప్పులైనా సముద్రానికి ఇచ్చేసేవాణ్ణి. ఆ సాయంత్రం తెరచాప ఉతికి ఆరేసే బాధ్యత మాత్రం మర్యాద కొద్దీ నాకే వదిలేశారు.

కనుక, ఆబాలగోపాలానికీ తెలియజేయడమేమనగా, ఇకమీదట మా ఇంట్లో ఎవరి గురించి ఎవరు "ఆయన మనసు కష్టపెట్టకు" అని నా చెవిన వేసినా, నేను తలూపను. నేరుగా ఆ మనిషి దగ్గరికే వెళ్లి, ఎదురుగా కూర్చుని, ఉన్నదున్నట్టు మాట్లాడతాను. పలక మీద ఎక్కేటప్పుడైనా, దిగేటప్పుడైనా, పడేటప్పుడైనా ఈ మాట తప్పను.

ఈ రాసిందంతా రజితకు చదివి వినిపించాను. శ్రద్ధగా విని, "మంచిగుంది," అంది. "కానీ నాన్నకు చూపెట్టకు. బాధపడ్తడు."