మా అమ్మ పాలలో మునిగిన గాజు

జ్వరం చూసే గాజుగొట్టాన్ని నేను ఇప్పటికీ పూర్తిగా నమ్మను. బతుకంతా నర్సుగా పనిచేసినదాన్ని, ఈ మాట అనకూడదు, అయినా అంటాను. చంకలో పెట్టి తీసి, అంకె చూసి, చీటీలో రాసుకొని, ఆ తరవాత రోగి నుదుటి మీద చెయ్యి వేసి చూసేదాన్ని. రెండూ ఒకటే చెప్తే సరే. చెప్పకపోతే గొట్టాన్ని విదిలించి మళ్ళీ పెట్టేదాన్ని. నా చేతికింద పనిచేసిన పిల్లలు నా వెనక నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీ, వాళ్ళకు నా సంగతి తెలియదు.

రేడియోనూ నమ్మను. యుద్ధం రోజుల్లో మదనపల్లె బస్టాండు దగ్గరి కాఫీ హోటల్లో ఒక రేడియో ఉండేది. మన పక్షం గెలిచిందని పొద్దున చెప్పేది, మనవాళ్ళు తెలివిగా వెనక్కి జరిగారని సాయంత్రం చెప్పేది. గెలిచినవాళ్ళు వెనక్కెందుకు జరుగుతారని అడిగితే హోటలాయన నన్నే తప్పుగా చూశాడు. పెట్రోలు దొరక్క బొగ్గు పొగతో నడిపిన బస్సు సంగతి చెప్పనే వద్దు. వెనకాల ఇనప పొయ్యి ఒకటి కట్టుకొని, దగ్గుతూ, మూలుగుతూ, మెరక వచ్చినచోటల్లా మమ్మల్ని దింపి తోయించుకునేది. డబ్బిచ్చి ఎక్కేది మనమా, అదా అనిపించేది. సర్కారు గడియారాలను ఒక గంట ముందుకు తిప్పమన్నప్పుడు మా అమ్మ వాకిట్లో నిలబడి ఆకాశం చూసి, "పొద్దు ఆడే ఉండాది, ముల్లు మాత్రం పోయిందంట" అని తన పనిలో పడింది.

ఇవన్నీ చిన్న అనుమానాలు, ఎవరికీ నష్టం లేనివి. ఒకే ఒక్క గాజును మాత్రం నేను ఒక్కరోజు కూడా అనుమానించలేదు. అనుమానించాల్సింది దాన్నే.

మా ఇల్లు మదనపల్లెలో మిషను ఆస్పత్రి వెనక వరసలో ఉండేది. తాత కాలంలో క్రైస్తవులైన కూలి కుటుంబం మాది. నాయన బావులు తవ్వేవాడు. నాకు పదేళ్ళప్పుడు పోయాడు. అమ్మ కలుపు తీసి, వేరుశనక్కాయలు ఒలిచి నన్ను మిషను బడిలో చదివించింది. అక్కణ్ణించి నర్సు ట్రైనింగుకు పోయాను. తెల్లచీర కట్టుకొని మొదటిసారి ఇంటికి వచ్చినరోజు అమ్మ నన్ను తాకలేదు. చేతులు పేడగా ఉండాయి, కడుక్కొని వస్తానని లోపలికి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

ఆ పేడ మా ఆవుది. నాయన పుంగనూరు సంతలో కొన్న పొట్టి ఆవుకు పుట్టిన పెయ్య, అమ్మ చేతుల్లో పెరిగి ఆవైంది. పుంగనూరు ఆవు అంటే తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, నా నడుమెత్తు కూడా ఉండేది కాదు. పూటకు శేరు పాలిస్తే గొప్ప. కానీ ఆ పాలు కాచి దించితే మీగడ వేలి మందాన కట్టేది. ఆ శేరు పాలను అమ్మ పొద్దున్నే ఆస్పత్రి వంటింటికి తెచ్చి పోసేది. పిండిన వేడి ఆరకముందే తేవాలని దాదాపు పరుగున వచ్చేది. తన పాలు తాగి రోగులు లేచి ఇంటికి పోతున్నారని ఆమె గట్టి నమ్మకం. నా చదువు కన్నా ఆ చెంబుకే ఆమెకు ఎక్కువ గర్వమని నేను ఎగతాళి చేసేదాన్ని.

ఆస్పత్రికి పాలు పోసేవాళ్ళు ఇంకా ముగ్గురు నలుగురు ఉండేవాళ్ళు. వాళ్ళలో పెద్దవాడు ఊరి చివర కొట్టంలో పదీ పన్నెండు ఆవులున్న పాలాయన. యుద్ధం ముదిరి అన్నీ కరువైనాక, పాలు పలచబడ్డాయని రోగులు గొణగడం మొదలుపెట్టారు. మా పెద్ద నర్సమ్మ తెల్ల దొరసాని, తెలుగు బాగా వచ్చు. ఒకరోజు ఆమె నన్ను పిలిచి, దూదిలో చుట్టిన ఒక గాజును అట్టపెట్టెలోంచి తీసింది. కింద బుడ్డి, పైన సన్నటి కాడ, కాడ మీద గీతలు. లాక్టోమీటరు అంది. కింది గీత పాలది, పై గీత నీళ్ళది. మంచి పాలలో వేస్తే కింది గీత దగ్గర తేలుతుంది, నీళ్ళు కలిసేకొద్దీ లోపలికి మునుగుతుంది. రోజూ అందరి పాలూ చూసి పుస్తకంలో రాయమని, అబద్ధం చెప్పని పిల్లవని నీకు అప్పగిస్తున్నానని అంది. నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మరుసటి పొద్దున పాలాయన పాలలో గాజు నిటారుగా, సరిగ్గా పాలగీత దగ్గర నిలబడింది. మా అమ్మ పాలలో వేశాను. పాలగీత మునిగిపోయింది. గాజు ఇంకా దిగి, పాలగీతకూ నీళ్ళ గీతకూ నడుమ ఆగింది. అమ్మ గాజును చూడ్డం లేదు. పని చేస్తున్న నన్ను చూస్తోంది, మొహమంతా వెలుగు.

ఆ రోజు రాయలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. ఆ మూడు రోజులూ నేను గాజు గురించి ఆలోచించలేదు. నా చిన్నప్పటి అంబలి గురించి ఆలోచించాను. రాగిపిండి తక్కువైన రోజు అమ్మ మా ముందరే కుండలో ఇంకో చెంబు నీళ్ళు పోసి, ఉప్పు వేసి కలిపి, అందరికీ సరిపెట్టేది. ఒక ముంత మజ్జిగను పదిమందికి పోసిన చెయ్యి అది. దూడకు కొంచెం వదిలి, చెంబు నిండకపోతే ఆ చెయ్యి ఊరికే ఉంటుందా అనుకున్నాను. ఒక్కసారి అలా అనుకున్నాక అన్నీ దానికే సాక్ష్యాలయ్యాయి. పరుగున రావడం కూడా అనుమానంగానే కనిపించింది.

నాలుగో రోజు, మిగతావాళ్ళు వెళ్ళిపోయాక అడిగాను.

"మా, పాలల్లో నీళ్ళు కలుపుతాండావా?"

అమ్మ కొంగుతో చెంబు మూతి తుడుస్తోంది. చెయ్యి ఆగింది. "నేను యాల కలుపుతాను?" అంది.

"గాజు చూపిస్తాండాది. నాలుగు దినాల్నించి."

కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. కాసేపు గాజును, కాసేపు నన్ను చూసింది. "రేపు ఆవును ఈడికే తోలుకొస్తాను. అందరి ముందరా పిండుతాను. నువ్వే సూడు" అంది.

అప్పట్లో అది మామూలే. అనుమానమున్న ఇంటి ముందరికి ఆవును తోలుకొచ్చి, గిన్నె బోర్లించి చూపించి పిండేవాళ్ళు. సరే అని ఉంటే ఈ కథే లేదు. నేను వద్దన్నాను. ఆమె నీళ్ళు కలుపుతోందని నాకు అంత గట్టిగా నమ్మకం. అందరి ముందరా పిండిన పాలలో గాజు సరిగ్గా తేలితే, ముందు నాలుగు రోజులూ కలిపినట్టు రుజువైపోతుందని నా భయం. అమ్మ పరువు కాపాడుతున్నాననే అనుకున్నాను.

"వద్దులే మా. రేపట్నించి సరిగ్గా తీసుకురా" అన్నాను.

అమ్మ ఖాళీ చెంబు చంకన పెట్టుకొని పోయింది. మరుసటి రోజు ఎప్పటిలాగే పరుగున వచ్చింది. గాజు ఎప్పటిలాగే మునిగింది. ఇంత చెప్పినా వినలేదని నాకు ఒళ్ళు మండిపోయింది. పుస్తకంలో ఆమె వరసలో, నా చేత్తోనే, నీళ్ళు అని రాశాను.

పెద్ద నర్సమ్మ అది చదివి అమ్మ పాలు ఆపించింది. సంగతి మా వరసంతా పాకింది. ఆదివారం గుడిలో చాప మీద అమ్మ కూర్చుంటే పక్కనున్నామె బిడ్డను సర్దుకుంటున్నట్టు కొంచెం అవతలికి జరిగింది. కన్నకూతురే రాసింది గదా, ఇంకెవరు నమ్ముతారు. పదిహేను రోజుల్లో అమ్మ ఆవును ఎవరికో ఇచ్చేసి, కుప్పంలో తన చెల్లెలింటికి బయల్దేరింది. "డబ్బాలో రాగిపిండి ఉండాది, పురుగు పడకముందు వాడుకో" అని బస్సెక్కింది.

నాలుగైదు నెలలు పోయాయి. రోజూ గాజు ముంచడం, రాయడం. పాలాయన పాలు ఎప్పుడూ సరిగ్గా గీత మీదే. ఎండాకాలమైనా, వాన పడినా, ఆవులకు పచ్చిగడ్డి దొరికినా దొరక్కపోయినా వెంట్రుకంత తేడా లేదు. మొదట్లో అది చూసి ఎంత నిక్కచ్చి మనిషి అనుకున్నాను. తరవాత తరవాత అది నాకు నచ్చలేదు. మా ఆవైతే ఎండుగడ్డి తిన్నరోజు ఒక రకంగా, పచ్చిక తిన్నరోజు ఇంకో రకంగా ఇచ్చేది. ఈయన ఆవులేమిటి, రోజూ ఒకే పాఠం అప్పజెప్తున్నాయి?

అప్పుడే ఆస్పత్రి వంటామె ఒక మాట చెప్పింది. మా ఆవు పాలాయన కొట్టంలో ఉందట. పోతూ అమ్మ అమ్మింది ఆయనకేనట.

"నాకు తెలీక అడుగుతాను గానమ్మా" అంది వంటామె, "నీళ్ళ పాలిచ్చే పొట్టి ఆవును పాలమ్మే ఆయన యాల కొనుక్కుండాడు?"

మరుసటి పొద్దున ఆ కొట్టానికి పోయాను. ఒక రోగికి మందులోకి ఒంటి ఆవు పాలు కావాలని, పొట్టి ఆవువే కావాలని చెప్పాను. అబద్ధం చెప్పని పిల్ల చెప్పిన మొదటి అబద్ధం అది. మా ఆవు నన్ను గుర్తుపట్టి మెడ చాపింది. పాలాయన నా ముందరే, నేను కడిగిచ్చిన చెంబులోకి పిండాడు. ఆయన పిండుతుండగా నా కళ్ళు చూరు మీదికి పోయాయి. చూరులో గుడ్డ చుట్టి దోపిన గాజు కాడ ఒకటి కనిపించింది. మా ఆస్పత్రిలో ఉండేలాంటిదే.

అదేంటప్పా అని అడిగితే, "మద్రాసు నించి తెప్పించినానమ్మా. ఆస్పత్రికి పోసే పాలు సరిగ్గా ఉండద్దా?" అన్నాడు, ఎంతో మర్యాదగా.

ఆ పాలు తెచ్చి వంటామె ముందరే గాజు ముంచాను. మునిగింది. మా అమ్మ పాలలో ఎక్కడిదాకా మునిగేదో సరిగ్గా అక్కడికి. నా కళ్ళ ముందర పిండిన పాలు, చుక్క నీళ్ళు లేని పాలు. చెంబు పక్కన పెట్టుకొని గడప మీద కూర్చున్నాను.

మధ్యాహ్నం దాకా ఆ పాలను కదిలించకుండా పెట్టి, పైన కట్టిన మీగడంతా తీసేసి మళ్ళీ ముంచాను. ఈసారి గాజు పైకి లేచింది, పాలగీత పాలపైన బయటికి కనిపించింది. చెంచాతో కొంచెం కొంచెం నీళ్ళు కలుపుతూ పోయాను. గాజు దిగి దిగి, సరిగ్గా పాలగీత దగ్గర నిలబడింది. పాలాయన రోజూ చేసేది ఇదే. మీగడ తీసి వెన్నకు పెట్టుకొని, నీళ్ళు పోసి, చూరులోని గాజుతో సరిచూసుకొని మాకు పోస్తున్నాడు. మీగడ తేలిక, అది ఎక్కువున్న పాలలో గాజు మునుగుతుంది. పిండిన వేడి ఆరకపోతే ఇంకొంచెం మునుగుతుంది. మా అమ్మ పాలకు ఆ రెండూ ఉన్నాయి. నెలల తరబడి రోగులు తాగింది మా ఆవు పాలే కావచ్చు, మీగడ పోయి, నీళ్ళు చేరి, నా చేత్తో బాగున్నాయని రాయించుకొని.

పెద్ద నర్సమ్మకు చేసి చూపించాను. ఆమె పాలాయన్ను మాన్పించి, మీ అమ్మకు క్షమాపణ చెప్పు, పాలు మళ్ళీ తెమ్మను అంది. తేవడానికి ఆవేదీ?

ఆ వారమే బొగ్గు బస్సెక్కాను. పుంగనూరు దాటాక ఒకసారి, పలమనేరు ముందర ఒకసారి దిగి తోశాము. పలమనేరులో ఇంకో బస్సు పట్టుకొని కుప్పం చేరేసరికి సాయంత్రం అయింది. అమ్మ చెల్లెలింటి అరుగు మీద కూర్చొని రాగులు చెరుగుతోంది. చిక్కిపోయింది. నన్ను చూసి చేట పక్కన పెట్టింది.

నేను కూర్చోకముందే అంతా చెప్పేశాను. కొట్టం, చూరులో గాజు, మీగడ, చెంచాలతో కలిపిన నీళ్ళు, అన్నీ. చెప్తూ ఏడ్చాను.

"ఆవు బాగుండాదా?" అని అడిగింది అమ్మ ముందు.

"బాగుండాది మా. నన్ను గుర్తుపట్టింది." తరవాత అన్నాను, "ఆ గాజు తప్పు చెప్పింది మా."

"గాజుదేం తప్పుండాది" అంది అమ్మ. "యాడో సీమలో పుట్టింది. నేనెవరో దానికి తెలీదు." చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకొని, రెండు రాళ్ళు ఏరి పారేసింది. "నీకు తెలుసు గదమ్మా" అంది.

లోపల్నించి చిన్నమ్మ కాఫీ తెచ్చింది. అమ్మ ఆ లోటా అందుకొని నాకు ఇవ్వబోయి, ఒక్క క్షణం ఆగి, అందులోకి చూసింది.

"పాలు కొన్నవి" అంది. "నేనేం కలపలేదు."

ఎగతాళికి అందేమో అని ఆమె మొహం చూశాను. కాదు. నిజంగానే చెప్తోంది, నేను అడుగుతానేమోనని.