గల్లీ వైపు తిప్పిన మానిటర్

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. హైదరాబాద్ పాతబస్తీ శాలిబండలోని ఆడపిల్లల హైస్కూల్లో నేను సైన్సు చెప్పేదాన్ని. పదో తరగతికి గుండె పాఠం వచ్చింది. పుస్తకంలో కవాటాల బొమ్మ చచ్చినట్టు పడి ఉంది. అవి ఎలా తెరుచుకుంటాయో, ఎలా మూసుకుంటాయో చేతులు ఊపి చెబితే పిల్లలు నా గాజులు చూశారు. ఇంటర్నెట్‌లో కొట్టుకునే గుండె ఉంది. బడి పక్క నెట్ సెంటర్లో, పరదాలు కట్టిన చిన్న గదిలో కూర్చుని నేను చూసొచ్చాను. బడిలో ఉన్న ఒక్క కంప్యూటర్‌కు నెట్ లేదు.

పిల్లల్ని అక్కడికి తీసుకుపోతానంటే హెడ్మాస్టర్ ఉలిక్కిపడ్డారు. ఆయనది గుంటూరు వైపు.

"ఆడపిల్లల్నా? ఆ పరదాల గదుల్లోకా? జనం ఏమనుకుంటారండీ? ప్రింటు తెచ్చి గోడకు అంటించండి."

"ప్రింట్ల గుండె కొట్టుకోదు సార్."

"తల్లులు ఒప్పుకోరమ్మా."

"తల్లులను గూడ తీస్కపోత. ఇంకేంది?"

ఆయన అవుననలేదు, కాదనలేదు. దాన్ని నేను అనుమతిగానే తీసుకున్నాను.

నెట్ సెంటర్ యజమానితో ఇంకో లొల్లి.

"పరదాలు తియ్యి భాయ్. మానిటర్ గల్లీ దిక్కు తిప్పు. మేం ఏం జూస్తున్నమో అందరు జూడనియ్యి."

"క్యా మేడం! పరదా తీస్తే గిరాకీ పోతది."

"పరదా లేకుంటే రాని గిరాకీ పోతే పోనియ్యి."

గొణుక్కుంటూనే తీశాడు.

శనివారం బడి వదిలాక పిల్లలు, తల్లులతో కలిసి వెళ్లాం. అందరికంటే ఎక్కువ అభ్యంతరం చెప్పిన తల్లి ముందు కుర్చీలో కాపలాగా కూర్చుంది. నెట్ నెమ్మది; బొమ్మ తెర మీద పైనుంచి కొంచెం కొంచెంగా దిగింది. గల్లీలో పోయేవాళ్లు ఆగారు. గుండె కదిలింది.

"మేడం, నెత్తురు ఎనక్కి పోదా?" ఒక పిల్ల అడిగింది.

నేను నోరు తెరిచేలోగా ఇంకో పిల్ల తెర మీద వేలు పెట్టింది. "తలుపు మూస్కుంటది గదనే! కనవడ్తలేదా?"

వారమంతా నేను చేతులు ఊపినా రాని మాట అది.

అంతలో గుంపును తోసుకుని హెడ్మాస్టర్ వచ్చారు. సరిగ్గా మానిటర్‌కు అడ్డంగా నిలబడ్డారు. "ఈరోజేనని నాకు ముందే చెప్పాలి కదండీ!"

"వచ్చే శనివారం కిడ్నీలు సార్. ముందే చెప్తున్న."

ఆయన ఏదో అనబోయారు. కాపలా తల్లి మెడ చాచింది.

"సారూ, జర పక్కకు జరుగుండ్రి. గుండె కనవడ్తలేదు."

ఆయన జరిగారు.