మాడు మీద చెయ్యి

తూంకుంటలో పసిబిడ్డకు లాలపోయాలంటే సుక్కమ్మనే పిలుస్తారు. కాళ్లు చాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టుకొని, మాడుకు ఆముదం, తల్లికి తిట్లు సమానంగా పట్టిస్తుంది. మాడంటే పుర్రె ఇంకా పూడుకోని మెత్తటి చోటు. దాని మీద పరాయి చెయ్యి పడితే ఆ చెయ్యి విరిచేసే మనిషి. అంత మొండిది, కొడుకు ముందు మాత్రం నోరెత్తదు.

ఆ కొడుకు బాలేష్ తాగొచ్చి, ఏడో నెల నడుస్తున్న భార్య భవితను కడుపులో తన్నాడు. సుక్కమ్మ కళ్లారా చూసింది. చూసి కూడా మేడ్చల్ ఆసుపత్రిలో, "బాత్రూంల జారిపడ్డది" అని చెప్పింది. అలా చెప్పడానికి నోరెలా వచ్చిందో ఆమెకే తెలియాలి. ఆ రోజే గుప్పెడంత ఆడపిల్ల పుట్టి అద్దాల పెట్టెలోకి వెళ్లింది.

మర్నాడు పొద్దున డాక్టర్ సుచిత్ర స్కానింగ్ మిషన్ తెచ్చి, పాప మాడు మీద జెల్ రాసి, లోపలి బొమ్మ చూపించే ప్రోబ్ ఆనించింది. సుక్కమ్మకు ఒళ్లు తెలియలేదు. డాక్టర్ జుట్టు పట్టి వెనక్కి గుంజి, చెంప పగలగొట్టింది.

సుచిత్ర పెదవి చిట్లింది. ఆమె తిరిగి కొట్టలేదు. సుక్కమ్మ అరచెయ్యి లాక్కొని ప్రోబును అందులో ఆనించింది.

"గింతే అవ్వా. నువ్వు ఆముదం పెట్టే చెయ్యి కంటె బరువున్నదా?"

లేదు. అబద్ధమాడలేక సుక్కమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఎముక లేని చోటు గదా, మెదడు గిక్కడి నుంచే కనిపిస్తది. ఎడమ పక్క కొంచెం నెత్తురు కారింది. కుడి పక్క కూడా ఉంటే బిడ్డను జల్దీ పెద్ద దవాఖానకు పంపాలె. చూడనీ."

ఆ మాట గుమ్మంలో బాలేష్ చెవిన పడింది. "మాడు నొక్కి నా బిడ్డను చంపుతున్నరు" అంటూ నర్సును గోడకేసి కొట్టాడు. డాక్టర్ గొంతు పట్టుకొని నేలకు విసిరాడు. పెట్టె తలుపు లాగి, గొట్టాలతో సహా పాపను తీసుకుపోవడానికి చెయ్యి పెట్టాడు.

నెత్తురు డాక్టర్ చేతి వల్ల కారలేదని ఇప్పుడు సుక్కమ్మకు తెలుసు. ఎవరి కాలి వల్లో అంతకుముందే తెలుసు. ఆక్సిజన్ సిలిండర్ మీదున్న ఇనుప పానా తీసి, కన్నకొడుకు మణికట్టు మీద కొట్టింది. ఎముక విరిగింది. కింద పడ్డవాడి మోకాలి మీద మళ్లీ మళ్లీ కొట్టింది.

"గీ కాలే గదరా తన్నింది" అంటూ కొట్టింది. సెక్యూరిటీవాళ్లు ఆమెను లాగడానికి నానా తంటాలు పడ్డారు.

పోలీసులు వచ్చారు. "ఎవరమ్మా వీడు?" అని కానిస్టేబుల్ అడిగాడు.

"నా కొడుకే. కోడల్ని కడుపుల తన్నిండు. జారిపడ్డదని నేనే బొంకిన. ఇద్దరి పేర్లు రాసుకో సారూ."

నర్సుకు తల పగిలింది. పాప తల కదలకుండా పట్టుకునేవాళ్లు కావాలి. "చేతులు కడుక్కొని రా అవ్వా" అంది సుచిత్ర, వాచిన పెదవితో. ఆ పని అయ్యేదాకా కానిస్టేబుల్ తలుపు దగ్గర ఆగాడు. సుక్కమ్మ నెత్తురు పోయేదాకా కడుక్కొని వచ్చి, ఆ చిన్న తలను రెండు చేతుల మధ్య పట్టుకుంది. డాక్టర్ పాప మాడు మీద ప్రోబ్ ఆనించింది.

వరండాలో పోలీసులు బాలేష్‌ను, చేతికీ కాలికీ కట్లు కట్టించి, జీపు దగ్గరికి మోసుకుపోతున్నారు. "అమ్మా, ఒక్కసారి ఇటు చూడే" అని ఏడుస్తున్నాడు. సుక్కమ్మ కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి. తుడుచుకోవడానికి కూడా ఆమె చెయ్యి తియ్యలేదు.