కెమెరా కంటి మీద బొట్టు

మా మనవరాలు స్నేహితురాళ్ళతో కలిసి మంచుకొండలు చూడ్డానికి ఉత్తరాదికి పోతోంది. ప్రయాణానికి ఇంకా చాలా రోజులున్నా ఇంట్లో కెమెరా తప్ప ఇంకో మాట లేదు. ఫోనులో తీసుకుంటే సరిపోదా అంటే, నేనేదో కట్టెల పొయ్యి మీద వండుకొమ్మన్నట్టు చూసింది. చిన్నదిగా ఉండాలట, జేబులో పట్టాలట, అన్నిటికన్నా ముఖ్యంగా వాడటానికి సులువుగా ఉండాలట, ఎవరి చేతికిచ్చినా ఫోటో పాడు కాకూడదట. నిన్న మధ్యాహ్నం ఈ విచారణంతా చేసి చేసి విసుగొచ్చి, నా అద్దాల బీరువాలోంచి పాత డబ్బా కెమెరాను బయటికి తీసింది. అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మమ్మా, లెన్సు మీద ఏదో మురికి గడ్డకట్టింది, తుడుస్తా ఆగు" అంటూ నా కళ్ళద్దాల గుడ్డ అందుకుంది. నేను దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. పాపం, బిత్తరపోయింది. తుడవకు తల్లీ అన్నాను కానీ, ఎందుకు తుడవకూడదో ఒక్క మాటలో చెప్పడం నాకు చేతకాలేదు.

వాడటానికి సులువుగా ఉండాలన్న మాట మా నాన్న కూడా అన్నాడు, ఆయన్ని మేము బాపు అనేవాళ్ళం. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళుంటాయి. బాపు బోధన్‌లో షుగరు ఫ్యాక్టరీ కాంటా దగ్గర చెరకు బండ్లు తూచే పని చేసేవాడు. చలికాలం మొదలుకొని ఎండలు ముదిరేదాకా గానుగ సీజను. అన్ని నెలలూ గేటు ముందర ఎడ్లబండ్లు బారులు తీరి ఉండేవి. ఊరంతా కాగుతున్న రసం వాసన, దాని వెనకాలే చక్కెర తీశాక మిగిలే మొలాసిస్ పులిసిన వాసన. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. మాకైతే సీజను అయిపోయి ఆ వాసన ఆగిపోతేనే ఇల్లు బోసిపోయినట్టుండేది. బాపు అవసరం లేని వస్తువు ఇంట్లోకి తెచ్చే మనిషి కాదు. గోడ గడియారం ఎందుకు, ఫ్యాక్టరీ సైరను ఉంది కదా అనేవాడు. అటువంటి మనిషి ఒక రోజు డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, "ఓ కెమెరా కొందమనుకుంటున్న" అన్నాడు. మా అన్న నోట్లో ముద్ద అట్లాగే ఉండిపోయింది. అవ్వ, అంటే మా అమ్మ, మా వైపు అమ్మను అట్లాగే పిలుస్తాం, "ఎండకు నీకేమన్న అయిందా?" అని అడిగింది.

ఎండకు కాలేదు. ఆ చలికాలంలో అవ్వకు ఆయాసం మొదలైంది. బావి నుంచి బిందెడు నీళ్ళు తెస్తే గడప మీద కూలబడి చాలాసేపు లేచేది కాదు. సాయంత్రానికి పాదాలు పొంగేవి. నిజామాబాదుకు తీసుకుపోయి పెద్ద డాక్టరుకు చూపించి వచ్చాడు బాపు. ఆమెకూ మాకూ చెప్పింది, రక్తం తక్కువుందని. డాక్టరు ఆయనకు చెప్పింది వేరు. గుండె చెడిపోయింది, వానాకాలం దాటితే గొప్ప. ఈ సంగతి ఆయన మాకు చెప్పింది ఎన్నో ఏళ్ళ తర్వాత. ఆ రోజు మాత్రం బస్సు దిగి, సంచిలోంచి మాకు జామపండ్లు తీసి ఇచ్చి, దొడ్లోకి పోయాడు.

అవ్వది ఒక్క ఫోటో కూడా లేదు. మోస్రా అనే పల్లెలో జరిగిన ఆమె పెళ్ళికి ఫోటో తీసేవాడిని పిలిచే తాహతు ఎవరికీ లేదు. మరి స్టూడియోకు తీసుకుపోయి తీయించవచ్చు కదా అని మీరు అనుకోవచ్చు. అక్కడే ఉంది చిక్కు. ఆ రోజుల్లో జబ్బు మనిషిని స్టూడియోకు తీసుకుపోయి కుర్చీలో ఒక్కదాన్నే కూర్చోబెట్టారంటే, అది గోడమీది పటానికేనని అందరికీ తెలుసు. మా అమ్మమ్మను అట్లాగే తీసుకుపోయారు. ఆ కుర్చీ పక్కన నిలబడి చీర కుచ్చిళ్ళు సర్దింది మా అవ్వే. ఆమెనే ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చోబెట్టే ధైర్యం బాపుకు లేదు. అందుకని తీర్థమని, దేవుడని, పిల్లలకు ఎల్లోరా గుహలు చూపిద్దామని ఒక ప్రయాణం పెట్టాడు. ప్రయాణమన్నాక కెమెరా ఉంటే ఎవరికీ అనుమానం రాదు. పిల్లలం మేము సంబరంతో గంతులేశాం.

కెమెరా కొనడానికి అన్ననూ నన్నూ నిజామాబాదు తీసుకుపోయాడు. స్టేషను రోడ్డులో ఒక స్టూడియో, ఫోటోలు తీయడం, కడగడం, కెమెరాలు అమ్మడం అన్నీ అక్కడే. గోరింటాకు పెట్టిన గడ్డంతో ఒక ముసలి సాబు కూర్చుని ఉండేవాడు. ముందుగా ఒక తోలు పెట్టెలోంచి జర్మనీ కెమెరా తీసి, మూత తెరిచి ముందుకు లాగాడు. మడతలు మడతలుగా సాగింది. బాపు దాన్ని పట్టుకొని, "ఇది హార్మోనియం లెక్కున్నది సాబ్" అన్నాడు. దాని చుట్టూ ఉన్న అంకెలన్నీ చూసి భయపడ్డాడు కూడా. "నాకు చెరుకు లెక్కలే వస్తయ్. ఏం తెల్వనోని చేతికిచ్చినా తప్పు పోవద్దు. గసోంటిది ఇయ్యుండ్రి" అన్నాడు. అప్పుడు సాబు బల్ల కింద నుంచి ఈ నల్ల డబ్బా తీశాడు. "గిది సూడుండ్రి. పైన కన్ను వెట్టి సూడాలె, బటన్ ఒత్తాలె, చక్రం తిప్పాలె. గీ పోరి గూడ తీస్తది" అని నా చేతికిచ్చాడు. నేను ఒత్తాను. టక్కుమంది. బాపు మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి ఒత్తమన్నాడు, తాను ఒత్తి చూశాడు, మళ్ళీ అడిగాడు. "మనిషి మొకం మంచిగ పడ్తదా? పెద్దగ చేపిచ్చుకుంటె పోలికలు తెలుస్తయా?" సాబు తలెత్తి బాపును కాసేపు చూశాడు. తర్వాత మెల్లగా, "మనిషిని నడుమల ఉంచుండ్రి. అంచులకున్నోళ్ళది నేను చెప్పలేను గని, నడుమల ఉన్నోళ్ళకు ఢోకా లేదు" అన్నాడు. దారి పొడుగునా బస్సులో బాపు ఆ మాటే గొణుక్కున్నాడు, "నడుమల... నడుమల..." అని. అన్నా నేనూ మోచేతులతో పొడుచుకుని నవ్వుకున్నాం.

మా ఇళ్ళల్లో కొత్త వస్తువు ఏదొచ్చినా పసుపూ కుంకుమా పడకుండా వాడకంలోకి రాదు. సైకిలు హ్యాండిలుకు పెడతాం, కుట్టుమిషనుకు పెడతాం. దసరానాడు ఫ్యాక్టరీలో చెరకు పిప్పి చేసే రోలర్లకు కూడా బొట్లు పెట్టి కొబ్బరికాయ కొడతారు. బయల్దేరే రోజు పొద్దున అవ్వ తలస్నానం చేసి, దీపం ముట్టించి, కెమెరాను దేవుడి గూటి ముందు పీట మీద పెట్టింది. పసుపు తడిపింది. బొట్టు పెట్టాలంటే నుదురుండాలి కదా, దానికి నుదురెక్కడో దొరకలేదు. పైన పిడి, పక్కలంతా నున్నటి నలుపు. చివరికి ముందువైపు నట్టనడుమ గుండ్రంగా మెరుస్తున్న అద్దం కనిపించింది. ఉంగరపు వేలితో ఆ అద్దం మీద పసుపు బొట్టు పెట్టి, దాని మీద కుంకుమ అద్ది, "నా పిల్లలను సల్లగ సూడు తల్లీ" అని దండం పెట్టింది. అన్నకు అప్పుడే కొంచెం అనుమానం వచ్చింది. అద్దం మీద పెడితే ఫోటోలో పడదా అన్నాడు. బాపు కెమెరా పైన ఉన్న చిన్న కిటికీలోంచి చూశాడు. అది వేరే అద్దం కాబట్టి అంతా శుభ్రంగా కనిపించింది. "ఏం పడ్తలేదు. అంతంత రోలర్లే బొట్టుతోని తిరుగుతయ్, దీనికేమైతది?" అన్నాడు. పైగా పూజ చేసి పెట్టిన బొట్టును చేత్తో తుడవడం మా ఇంట్లో ఎవరూ చేయరు. దానంతట అది రాలిపోవాలి. అది రాలలేదు.

నిజామాబాదు నుంచి మన్మాడు పోయే బండి ఎక్కాం. జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, ఒక డబ్బా సకినాలు. బాసర దగ్గర గోదావరి దాటుతుంటే అవ్వ కిటికీలోంచి పైసలు వేసి మా ఇద్దరి చేతా దండం పెట్టించింది. నాందేడు దాటాక రైలు పెట్టెలో తెలుగు పోయి అంతా మరాఠీ అయింది. అవ్వ పక్కనున్న ఆమెతో చేతులతోనే ముచ్చటపెట్టి, దిగేలోపల ఆమె పిల్లలెందరో కూడా తెలుసుకుంది. ఔరంగాబాదు నుంచి బస్సులో ఎల్లోరా. అక్కడి శివుడి గుళ్ళో దర్శనం బాగానే అయింది, గుహల దగ్గరే ఆమెకు నడక కష్టమైంది. నాలుగడుగులు వేసేసరికి పెదవులు నల్లబడేవి. బాపు వెంటనే, "ఇగో, గీ బండ మీద కూసో. ఫోటో మంచిగొస్తది" అనేవాడు. ఆమె కూర్చునేది. కొంచెం తేరుకోగానే లేచేది. మళ్ళీ నాలుగడుగులు, మళ్ళీ ఫోటో. "అడుగడుక్కు ఫోటోనేనా? జనం నవ్వుతరు" అనేది కానీ, కూర్చోవడానికి సాకు దొరికినందుకు ఆమె ముఖంలో ఎంత హాయి కనిపించేదో. ఫోటోలన్నీ ఒకటే తీరు. అవ్వ నడుమ, అన్న అటువైపు, నేను ఇటువైపు, ఆమె చెయ్యి చాచి నా భుజం మీద వేసేది. బాపు డబ్బాను కడుపుకు ఆనించుకొని, "ఊపిరి ఆపుండ్రి" అని కేకేసేవాడు. ఒకసారి అవ్వ పకపకా నవ్వింది. "నాకు ఊపిరే దొరుకుతలేదు, ఆపుమంటవేంది!" అంది. మేమూ నవ్వాం. బాపు నవ్వలేదు. తల వంచుకొని చక్రం తిప్పుతూ చాలాసేపు అట్లాగే నిలబడ్డాడు. ఆయన ఎందుకు తల ఎత్తలేదో నాకు ఎన్నో ఏళ్ళకు గానీ తెలియలేదు.

రీలులో ఒకటి రెండు ఫోటోలు మిగిలాయి. బతుకమ్మకు పట్టుచీరలో తీస్తానన్నాడు బాపు. బతుకమ్మ దాకా ఎక్కడ? తొలకరి పడి, ఊరంతా నాగళ్ళు కడుతున్నప్పుడు అవ్వను నిజామాబాదు ఆసుపత్రికి తీసుకుపోయారు. తిరిగి తీసుకురావడం ఎట్లా తీసుకొచ్చారో రాయలేను. పెద్దకర్మకు పటం కావాలి కదా, అప్పుడు బాపుకు కెమెరా గుర్తొచ్చింది. మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకొని మళ్ళీ ఆ స్టూడియోకు పోయాడు. గుండు చేయించుకున్న బాపునూ అన్ననూ చూసి సాబు లేచి చెయ్యి చాచాడు. కెమెరా తీసుకొని చీకటి గదిలోకి పోయాడు.

ఎంతసేపటికో బయటికొచ్చి తడి ఫోటోలు బల్ల మీద పరిచాడు. అన్న ఉన్నాడు, చొక్కా గుండీలతో సహా. నేనున్నాను, జడకు కట్టిన రిబ్బనుతో సహా. రాతి స్తంభాలున్నాయి, దూరంగా గడ్డి మేస్తున్న మేక కూడా ఉంది. ప్రతి ఫోటోలో నట్టనడుమ మాత్రం పొగ కమ్మినట్టు నల్లటి మసక. ఆ మసకలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి నా భుజం మీద ఆని ఉంది. ఆ ఉంగరపు వేలు కూడా కనిపిస్తోంది. బాపు ఒక్కో ఫోటో తీసి వెలుతురుకు పెట్టి చూశాడు, వెనక్కి తిప్పి కూడా చూశాడు, ఆమె అటువైపేమన్నా ఉందేమోనన్నట్టు. సాబు తానుగా, "పేంటరున్నడు. పోలికలు చెప్తె గీస్తడు" అన్నాడు. బాపు మొదలుపెట్టాడు. "గుండ్రటి మొకం... పెద్ద బొట్టు..." అక్కడికి ఆగిపోయాడు. అట్లాంటి ముఖం బజారులో పోయే ప్రతి ఆడమనిషికీ ఉందని ఆయనకు అప్పుడే తట్టినట్టుంది. బల్ల పట్టుకొని నిలబడే ఏడ్చాడు. మా బాపు ఏడవగా చూడటం నాకదే మొదలు. శ్మశానం నుంచి వచ్చిన రోజు కూడా ఆయన ఏడవలేదు.

సాబు కెమెరాను కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాడు. "గీ బొట్టు ఎవరు వెట్టిండ్రు?" అన్నాడు. "ఆమెనే" అన్నాడు బాపు. సాబు నాలుక కరుచుకొని, తడి గుడ్డ తీసుకొని, "ఇప్పుడన్న తుడుస్త, ఇంకో రీలుకు పనికొస్తది" అన్నాడు. బాపు కెమెరా అద్దానికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు సాబ్, ఉండనియ్యిండ్రి. గదొక్కటే మిగిలింది."

మా ఇంట్లో అవ్వకు పటం లేదు. ఆబ్దికం నాడు బాపు ఈ డబ్బాను పీట మీద పెట్టేవాడు. దండ వేసేవాడు కాదు, కొత్తగా బొట్టు పెట్టేవాడూ కాదు. పిల్లలను చల్లగా చూడమని ఆమె అడిగింది, కెమెరా అక్షరాలా అదే చేసింది. తనను కూడా చూడమని అడగాలని ఆమెకు తోచనే లేదు. ఆ మాటకు నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, ఎవరి మీదో తెలియదు. ఆమె ముఖం గుర్తు చేసుకుందామంటే ముందు ఆమె చెల్లెలు, మా చిన్నమ్మ ముఖం వస్తుంది, దాన్ని పక్కకు జరిపితే ఏమీ ఉండదు. భుజం మీద చెయ్యి మాత్రం ఎక్కడ ఆనిందో అక్కడే ఉంది.

ఇదంతా విని మా మనవరాలు గుడ్డ పక్కన పెట్టేసింది. ఫోనులో లైటు వేసి ఆ అద్దం దగ్గరికి కళ్ళు తీసుకుపోయి చాలాసేపు చూసింది. "అమ్మమ్మా, ఎండిపోయిన కుంకుమలో వేలి గీతలు కనిపిస్తున్నాయి" అంది. నా కళ్ళకు కనిపించలేదు. అది ఫోటో తీసి, పెద్దది చేసి చూపించింది. సన్నటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి, గుండ్రంగా. ఇన్నేళ్ళుగా కాలం మా అవ్వ ముఖాన్ని నా దగ్గర్నుంచి కొంచెం కొంచెంగా తుడిచేసుకుంటూ వచ్చింది, ఆ వేలిముద్ర దాకా వచ్చి మాత్రం, మా బాపు చెయ్యి అడ్డముందనో ఏమో, ఆగిపోయింది.