గంగాధర్ అంకుల్ బ్రూస్టర్ విమానం

గంగాధర్ అంకుల్‌తో మీరు ఏ మాట మొదలుపెట్టినా అది ఫిన్లాండులోనే తేలుతుంది. అదీ బ్రూస్టర్ అనే పాత యుద్ధవిమానం ఎక్కి మరీ.

సింగపూర్లోని బుకిట్ పంజాంగ్‌లో వాళ్ళ ఫ్లాటు మా పైనే. ఒకరోజు లిఫ్టులో, నా ఖర్మ కాలి, "దోసెలపిండి తెగ పులిసిపోతోందంకుల్" అన్నాను.

"వేడమ్మా భువనా, వేడి! అమెరికావాళ్ళు చేసిన బ్రూస్టర్‌కీ ఇదే రోగం. రెండో ప్రపంచయుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు ఇదే సింగపూర్లో నడిపారు. ఇంజను వేడెక్కేది, పైకి లేవలేక ఆయాసపడేది. జపాన్‌వాళ్ళు పిట్టల్లా రాల్చేశారు. అదే విమానాన్ని ఫిన్లాండువాళ్ళు కొనుక్కుని..."

మా అంతస్తు వచ్చింది. అంకుల్ తలుపుకి కాలు అడ్డం పెట్టారు.

"...ఇంజన్లో పిస్టన్ రింగు తిరగేసి బిగించారు. అంతే! రష్యావాళ్ళకి చుక్కలు చూపించింది!"

నేను ఇంటికెళ్ళేసరికి పిండి గట్టంతా పొర్లింది.

అప్పట్నుంచి మా తెలుగువాళ్ళలో ఎవరింట్లో మిక్సీ పాడైనా "రింగు తిరగేశారా?" అని వేళాకోళం. విందుల్లో ఆయన గొంతు సవరించుకుంటే చాలు, మనుషులు మాయం. మా ఆయన మహీధర్ అయితే మోగని ఫోను చెవికి పెట్టుకుని "హలో, హలో" అంటూ జారుకుంటారు.

మొన్న ఉగాదికి మా బ్లాకు కింద భోజనాలు. అంకుల్ గొంతు సవరించారు. మా ఇంట్లో ఒక గదిలో అద్దెకుంటున్న నిఖిల ఒక్కతే దొరికిపోయింది. రక్షిద్దామని నేను గరిటె పక్కన పెట్టేలోపే కథ రష్యా దాకా వెళ్ళిపోయింది.

"విమానం అదే కదంకుల్," అంది నిఖిల. "ఇక్కడ పనికిరానిది అక్కడెలా పనికొచ్చింది?"

అంకుల్ నోరు తెరిచారు. ఆ కథలో ఆయన్ని ఎవరైనా ప్రశ్న అడగడం అదే మొదలు కాబోలు!

"వాళ్ళది తేలిక రకం. చలిదేశం. పైగా నడిపినవాళ్ళు దాని తత్వం కనిపెట్టారమ్మా. అసలు పనికిరానిది విమానం కాదు..."

"నన్ను ప్రొబేషన్లోనే తీసేశారంకుల్!" అని భోరుమంది నిఖిల.

రోజూ బ్యాగు తగిలించుకుని వెళ్తుంటే ఆఫీసుకే అనుకున్నాను. లైబ్రరీలో కూర్చుని వస్తోందట పిచ్చిపిల్ల! వేరే ఉద్యోగం దొరక్కపోతే ఇక్కడ ఉండనిచ్చే వర్క్ పాసు రద్దయి, ఇండియా వెళ్ళిపోవాలి.

"నువ్వు నేర్చిందేమిటి?" అన్నారు అంకుల్.

"సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తప్పులు పట్టడం."

"వాళ్ళు చేయించింది?"

"క్లయింట్లకి ఫోన్లు."

"ఓస్, ఇంతేనా! నీకు రింగు తిరగెయ్యాలంతే. వుడ్‌ల్యాండ్స్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపే మా చక్రధర్ ఇలాంటి పిల్ల కోసమే వెతుకుతున్నాడు!"

చక్రధర్ పరీక్ష పెట్టాడు. నిఖిల వాళ్ళ ప్రోగ్రాంలోనే కాదు, ఆ పరీక్షలో కూడా తప్పులు పట్టింది. ఉద్యోగం ఇచ్చేశాడు.

మిఠాయి పట్టుకుని అందరం పైకి వెళ్ళాం. ఆంటీ చాముండేశ్వరి గారు పకోడీలు వేస్తున్నారు. నాకు ఆగలేదు.

"బాగానే ఉంది గానీ ఆంటీ, ఉద్యోగాలున్న మా అందరి ప్రాణం అంకుల్ ఎందుకు తీశారు ఇన్నేళ్ళూ?"

ఆవిడ నవ్వారు. "ఎవరిది ఊడిందో మనవాళ్ళు చచ్చినా చెప్పరు కదమ్మా. ఒక్కళ్ళనే పిలిచి ధైర్యం చెబితే సిగ్గుతో చితికిపోతారు. అందుకే ఈయన అందరికీ చెబుతారు. అవసరం లేనివాళ్ళు పారిపోతారు. మనసు బాగోనివాళ్ళకి పారిపోయే ఓపికా ఉండదు. కూర్చుని వింటారు."

పకోడీలు పళ్ళెంలోకి వంచుతూ మెల్లిగా అన్నారు: "కొన్నేళ్ళ కిందట ఒకసారి మీ మహీధర్ కూడా కదలకుండా కథ మొత్తం విన్నాడు."

గిరుక్కున హాల్లోకి చూశాను. అంకుల్ గొంతు సవరించుకుంటున్నారు. మా ఆయన మోగని ఫోనుతో అప్పుడే గుమ్మం దాకా వెళ్ళారు.

వెళ్ళి ఆ ఫోను లాక్కున్నాను. ఆయన చేతిలో పకోడీల పళ్ళెం పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, పక్కనే నేనూ కూర్చున్నాను.

"అంకుల్, మొదట్నుంచి చెప్పండి."